వెనక బండి లెక్క

మా ఊరి తెలుగు సంఘం వాళ్లు పోయినేడాది వేసిన వార్షిక సంచికలో నా ఫోటో ఉంది. భుజాన శాలువా, చేతిలో పళ్ల బుట్ట, ముఖాన ఒక చిరునవ్వు. ఆ చిరునవ్వు చూస్తే ఇప్పుడు నాకే వెగటు పుడుతుంది. ఫోటో పైన 'రైలు బళ్లతో సంభావ్యత నేర్పిన మాస్టారు' అని శీర్షిక పెట్టి, నేనే కనిపెట్టినట్టుగా ఒక లెక్క అచ్చేశారు. ఆ లెక్క నాది కాదు. అంతకంటే సిగ్గుచేటు, అచ్చయిన లెక్క తప్పు. ఈ ఏడాది సంచికకు 'మీ బోధనానుభవాలు నాలుగు పేజీలు రాసివ్వండి' అని అడిగారు కాబట్టి ఆ రెండు సంగతులూ ఇక్కడే రాస్తున్నాను. దీన్ని కత్తిరించకుండా వేస్తారన్న నమ్మకం నాకు లేదు. అయితే వాళ్లు ఏదీ చదివి వెయ్యరు కాబట్టి వేసినా వేస్తారు.

నేను బిలాస్‌పూర్‌లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడ ఉండిపోయాడు. మా నాన్న లోకో షెడ్‌లో ఖలాసీ. రెండు గదుల క్వార్టర్‌లో పెరిగాను. బొగ్గు బండికి దారిచ్చి ప్యాసింజర్‌ను పక్క లైన్‌లో గంటలకొద్దీ నిలబెడతారని మా వీధిలో అక్షరాలు రాని పిల్లకి కూడా తెలుసు. ముందు బండి ఆగితే వెనక బండికి సిగ్నల్ పడదని మాకెవరూ పాఠం చెప్పలేదు. నాన్న డ్యూటీ నుంచి రావాల్సిన వేళకి రాకపోతే అమ్మ అన్నం వార్చకుండా ఆగేది, అంతే.

బీఈడీ చేసి తోర్వా వైపున్న ఒక ప్రైవేటు బడిలో గణితం మాస్టారుగా చేరగానే నేను చేసిన మొదటి పని ఇదంతా ఒంటి మీంచి కడిగేసుకోవడం. 'ఏటి' అనడం మానేసి 'ఏమిటి' అనడం నేర్చుకున్నాను. స్టాఫ్ రూంలో రైల్వే పిల్లల్ని 'షెడ్డు సరుకు' అనేవాణ్ని. అందరూ నవ్వేవారు. నవ్వినవాళ్లలో ఒకాయన పదకొండేళ్లుగా ఒకే నోటు పుస్తకం చూసి సైన్సు చెప్పేవాడు. ఆ పుస్తకం చిరిగిపోయిన చోట పాఠం కూడా చిరిగిపోయేది. అలాంటివాళ్ల నవ్వు కోసం నేను మా నాన్నని రోజుకోసారి అమ్ముకున్నాను.

ఎనిమిదో తరగతికి సంభావ్యత చెప్పేవాణ్ని. నాణెం, పాచిక, సంచిలో రంగు బంతులు. సంచిలోంచి బంతులు తీసేవాణ్ని నా జీవితంలో ఒక్కణ్ని చూడలేదు, అయినా ఏటా నూట ఇరవై మంది పిల్లల చేత తీయించేవాణ్ని. తర్వాత సంయుక్త ఘటనలు, అంటే రెండు సంగతులు కలిసి జరగడం. దానికి నా దగ్గర ఒక మంత్రం ఉండేది. పాఠం హిందీలో చెప్పేవాణ్ని కాబట్టి మంత్రమూ హిందీలోనే. లెక్కలో 'ఔర్', అంటే 'మరియు', ఉంటే గుణించు, 'యా', అంటే 'లేదా', ఉంటే కూడు. పిల్లలు గొంతు చించుకుని వల్లించేవారు. రెండు ఘటనలు ఒకదాని మీద ఒకటి ఆధారపడనప్పుడే గుణించాలని పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉండేది. అది పరీక్షలో రాదు. అందుకని నేను దాన్ని ఎప్పుడూ చదివించలేదు. ఆ ఒక్క వాక్యమే అసలు పాఠమని అప్పటికి నాకు కూడా తెలియదు.

మా బడిలో ఒక పద్ధతి ఉండేది. ఎనిమిదో తరగతి ఆఖరి పరీక్షలో గణితం మార్కులు చూసి ఇరవై మందిని ఏరేవారు. వాళ్లకి రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే ఒక గంట విడిగా పాఠం, మంచి మాస్టారు, మంచి పుస్తకాలు. మిగతా నూరు మందికి నాలాంటివాళ్లు. ఆ ఇరవైలో పడితే లెక్కలు, పడకపోతే లెక్కలు లేనట్టే. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు.

ఒక గూడ్స్ గార్డు కూతురికి మరీ బాగా తెలుసు. రెండు జడలు, చేతికి పెద్దదైపోయిన గడియారం, అది వాళ్ల నాన్నది. ఆ ఏడాదంతా ఆ బ్యాచ్ గురించే అడిగేది. "సార్, ఇరవయ్యేనా? ఇరవై ఒకటి అవదా?" అనేది. వాళ్లది కూడా మావాళ్లలాగే శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. అందుకే ఆ పిల్లంటే నాకు ఇంకాస్త చిరాకు.

ఆఖరి పరీక్షకి ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. బంతులు అయిపోయి, పాచికలు అయిపోయి, ఇంక ఏమీ తోచక రైలు బళ్లు పెట్టాను. ప్రశ్న ఇది. 'పొద్దున ఒక బండి బిలాస్‌పూర్ రావాలి. అది ఆలస్యమయ్యే సంభావ్యత 1/3. అదే లైన్ మీద దాని వెనకే ఇంకో బండి రావాలి. అది ఆలస్యమయ్యే సంభావ్యత 1/2. ముందు బండి ఔర్ వెనక బండి, రెండూ ఆలస్యమయ్యే సంభావ్యత ఎంత? రెండు మార్కులు.' అదే లైన్, దాని వెనకే అన్న మాటలు ఊరికే అందానికి రాశాను. నా జవాబు ఆరింట ఒకటి. మూడింట ఒకటిని రెండింట ఒకటితో గుణించడమే.

నూట పందొమ్మిది మంది గుణించారు, కొందరు గుణించడంలో తప్పారు. ఆ పిల్ల మాత్రం ఆరు గళ్లు గీసింది. ఒక్కో గడి ఒక్కో రోజు. మొదటి రెండు గళ్లలో అడ్డగీతలు పెట్టి, ముందు బండి లేటైన రోజులని రాసింది. మొదటి మూడు గళ్లలో చుక్కలు పెట్టి, వెనక బండి లేటైన రోజులని రాసింది. కింద నాలుగు ముక్కలు. 'ముందు బండి లేటైన రోజు వెనక బండి కూడా లేటే. మూడో రోజు వెనక బండి తన సొంత కారణంతో లేటు. రెండూ లేటైనవి ఆరింట రెండు రోజులు. జవాబు 1/3.'

నేను ఆ గళ్లు చూడలేదు. జవాబు చూశాను. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, సున్నా వేసి, పక్కన రాశాను: 'ఇది గణితం. ప్లాట్‌ఫారం కబుర్లు కాదు.' రాసినందుకు ముచ్చటపడ్డాను కూడా. స్టాఫ్ రూంలో చదివి వినిపించాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, ఈ రెండు మార్కులు..."

"ఏం, మీ నాన్న పచ్చజెండా ఊపితే సంభావ్యత మారిపోతుందా?"

తరగతి గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆ పిల్ల ఆగింది.

"జెండా కాదు సార్. ముందుది కదిలితేనే కదా వెనకదానికి సిగ్నల్? మతలబ్, రెండూ వేరువేరు కాదు కదా."

"ప్రశ్నలో 'ఔర్' ఉందా లేదా?"

"ఉంది సార్."

నేను తరగతి వైపు తిరిగాను. "ఔర్ ఉంటే?"

"గుణా!" అని నలభై గొంతులు.

"విన్నావా? నలభై మందికి తెలిసింది నీకు తెలియలేదు. కూర్చో."

కూర్చుంది. జాబితా అతికించినప్పుడు ఇరవయ్యో పిల్లకీ ఆ అమ్మాయికీ తేడా ఒక్క మార్కు.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్ల యూనిఫాం మోచేతుల దగ్గర నల్లబడి ఉంది. పేపరు మడత విప్పి నా బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, మా పాప రాసిందాన్లో తప్పేటున్నాదో నాకు చెప్పండి. నేను పెద్దగా చదూకోలేదు గాని, బండెనకాల బండి నా పనే గదండీ. ముందరిది ఆగిపోతే వెనకది ఎలగొస్తాది? ఎగిరొస్తాదేటి?"

"పుస్తకంలో బళ్లు వేరండీ."

"అచ్ఛా. ఆ పుస్తకంలో పట్టాలుండవేటి?"

పక్క బల్ల దగ్గర సైన్సు మాస్టారు దగ్గినట్టు నవ్వాడు. నా మీదో, ఆయన మీదో తెలియలేదు. అది తెలియకపోవడం నాకు భరించరానిదైంది.

"చూడండి," అన్నాను. "మీ అమ్మాయి కష్టపడుతుంది, కాదనను. గణితం అందరికీ రాదు. తర్వాత కామర్స్ తీసుకోమనండి, హాయిగా ఉంటుంది."

"ఒక్క మార్కండి. మళ్లీ ఓపాలి చూసీండి. మీరూ మన క్వార్టర్ల మనిషే గదా. మీ నాన్నగారైతే ఒక్క చూపులో చెప్పీసేవోరు."

ఆయన ఆ మాట మంచికే అన్నాడు. నన్ను మనవాడు అనుకుని అన్నాడు. నేను మాత్రం సైన్సు మాస్టారి ముందు ఖలాసీ కొడుకునైపోయాను. పేపరు మడిచి తిరిగి ఇచ్చేశాను.

"చూశాను. మారదు."

చూడలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను, చూడలేదు.

ఆయన పేపరు జేబులో పెట్టుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్ల మర్నాటి నుంచి నా తరగతిలో ప్రశ్న అడగలేదు. ఇరవయ్యొకటా అని అడిగే గొంతు లేక తరగతి ప్రశాంతంగా ఉందని నేను సంతోషించాను.

ఆయన అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఒకరోజు రైల్వే గేటు దగ్గర స్కూటర్ ఆపి నిలబడ్డాను. ఒక గూడ్స్ వెళ్లింది, దాని వెనకాల ఇంకోటి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగింది. అప్పుడు తట్టింది నాకు. ఆ పిల్ల చెప్పింది నిజమే, ఇక్కడ గుణించకూడదు, ముందు బండి సంఖ్యే జవాబు. జాబితా అతికించి అప్పటికి వారం. వెళ్లి ప్రిన్సిపాల్‌కి చెప్పి ఇరవై ఒకటో కుర్చీ వేయించవచ్చు. చెబితే తప్పు నాదని ఒప్పుకోవాలి. గేటు ఎత్తారు, నేను ఇంటికి పోయాను.

అంతటితో ఆగి ఉంటే నేను మామూలు పిరికివాణ్ని. మామూలు పిరికివాళ్లతో మా స్టాఫ్ రూం నిండి ఉండేది, కొత్తేమీ కాదు.

మరుసటి ఏడాది చుట్టుపక్కల బడుల గణితం మాస్టార్లను పిలిచి మా బడిలో నమూనా పాఠాలు పెట్టారు. నన్ను సంభావ్యత చెప్పమన్నారు. ఆ పిల్ల లెక్క నాకు గుర్తుంది. నల్లబల్ల ముందు నిలబడి, "నేను రైల్వే కుటుంబంలో పుట్టినవాణ్ని" అని మొదలుపెట్టాను. పదేళ్లు దాచుకున్న మా నాన్నని చప్పట్ల కోసం ఆ రోజు బయటికి తీశాను. ప్రశ్న ఎవరైనా గుర్తుపడతారేమోనని సంఖ్యలు తారుమారు చేశాను. ముందు బండి ఆలస్యానికి 1/2, వెనక బండికి 1/3. 'ముందు బండి లేటైతే వెనక బండి లేటే, కాబట్టి ఇక్కడ గుణించరాదు, జవాబు 1/2' అన్నాను. నలభై మంది గణితం మాస్టార్లు తలలూపారు. ఒకాయన లేచి, పుస్తకాన్ని బతుకులోకి తెచ్చారన్నాడు. ఒకావిడ నోట్సులో రాసుకుంది. ఒక్కరికీ ఏ అనుమానమూ రాలేదు. నాకూ రాలేదు. పిల్లలకి 'ఔర్ అంటే గుణా' ఎంతో, నాకు 'ముందు బండి సంఖ్యే జవాబు' అంతే. ఒక మంత్రం పోయి ఇంకో మంత్రం వచ్చింది.

తర్వాత అదే పాఠం రతన్‌పూర్‌లో చెప్పాను, ఇంకో రెండు చోట్ల చెప్పాను. ప్రశంసాపత్రాలు వచ్చాయి. పోయినేడాది మన సంఘం శాలువా కప్పింది, సంచికలో వేసింది. నేనే నా చేత్తో రాసిచ్చాను ఆ లెక్క, నా చేత్తోనే.

సంచిక వచ్చిన నెలకి ఆ గార్డు ఫోన్ చేశాడు. రిటైరయ్యాడు, తోర్వాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

"మాస్టారూ, మీ పుస్తకం మా ఇంటికొచ్చింది. మా పాప చూసింది. ఓపాలి రమ్మంటాది. ఆదివారం ఖాళీయేనా?"

నేనేం అనుకున్నానో కూడా రాసేస్తాను. పాత విద్యార్థిని, సంచికలో మాస్టారి ఫోటో చూసి గర్వపడి, కాళ్లకి దణ్ణం పెట్టడానికి పిలుస్తోందనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సంతకం చేసి ఇద్దామని ఇంకో కాపీ సంచిలో పెట్టుకున్నాను. ఈ బుర్రతో ఇరవై ఏళ్లు పిల్లలకి తర్కం నేర్పాను.

ఆ అమ్మాయి కామర్స్ చదివిందట. సిర్గిట్టిలో ఒక గోదాములో పనిచేస్తోంది. ఏ లారీ ముందు బయటికి పోవాలో, ఏది ఆగాలో చూసే పని.

"ఒకటే గేటు సార్," అంది. "ముందు లారీ ఇరుక్కుంటే వెనక లైనంతా బంద్. మీకు తెలుసు కదా."

టీ వచ్చింది. సంచిక తెచ్చి నా ముందు తెరిచింది.

"నాకు తెలుగు చదవడం అంత రాదు సార్. పప్పా చదివి చెప్పారు. నంబర్లు మాత్రం నేనే చదివాను. ముందు బండి ఆరు రోజుల్లో ఎన్ని రోజులు లేటు?"

"రెండింట ఒకటి. మూడు రోజులు."

"వెనక బండి?"

"మూడింట ఒకటి. రెండు రోజులు."

"ముందుది లేటైన రోజల్లా వెనకది లేటే అని మీరే రాశారు. ముందుది మూడు రోజులు లేటు. వెనకది రెండే రోజులు లేటు. మరి ఆ మూడో రోజు వెనక బండి టైముకెలా వచ్చింది సార్?"

వాళ్ల నాన్న టీ గ్లాసు దించకుండానే అన్నాడు, "ఎగిరొచ్చీసుంటాది."

ఆ అమ్మాయి నవ్వలేదు. బల్ల మీద వేలితో ఆరు గళ్లు గీయడం మొదలుపెట్టాను. మూడు రోజులు రెండు రోజుల్లో పట్టవు. ఎనిమిదో తరగతి కాదు, మూడో తరగతి పిల్ల చెబుతుంది. నలభై మంది మాస్టార్లు, నాలుగు సభలు, ఒక శాలువా, ఒక అచ్చు పుస్తకం, ఇంతమంది మధ్యలోంచి ఆ బండి ఎగిరి వచ్చింది.

"అది నా లెక్కే కదా సార్?"

"అవును."

"అచ్ఛా. మరి నంబర్లెందుకు మార్చారు?"

"ఎవరూ గుర్తుపట్టకుండా."

ఆ మాటకి వాళ్ల నాన్న గ్లాసు కింద పెట్టేశాడు. లేచి లోపలికి వెళ్లాడు. డ్యూటీలో వెంట తీసుకెళ్లే ఇనప పెట్టె మూత చప్పుడైంది. తిరిగి వచ్చి ఒక కాగితం కూతురి చేతికిచ్చాడు. ఆ పరీక్ష పేపరు. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించి ఉంది. ఆరు గళ్లు, అడ్డగీతలు, చుక్కలు, నా ఎర్ర గీత, సున్నా, నా చమత్కారం.

"మీరు అప్పుడు దీన్ని చూశానన్నారు మాస్టారూ," అన్నాడాయన.

"చూడలేదు."

జేబులోంచి పెన్ను తీశాను. అలవాటు, అందులో ఎప్పుడూ ఎర్ర సిరాయే.

"ఇటివ్వమ్మా. రెండు మార్కులు వేస్తాను."

ఆ అమ్మాయి కాగితం వెనక్కి లాక్కుంది.

"వద్దు సార్. దీన్లో నా లెక్క కరెక్టే. సున్నా మీది, అలాగే ఉండనీండి. తప్పు ఉన్నది ఆ పుస్తకంలో. బస్, అది దిద్దితే చాలు."

దిద్దుతానన్నాను. దిద్దేటప్పుడు నీ పేరు రాస్తాను అన్నాను.

"ఎలా రాస్తారో నాకు తెలుసు సార్. పైన నా పేరు చిన్నగా, కింద మీ ఫోటో పెద్దగా, 'గురువు గొప్ప మనసు' అని. నా పేరు వద్దు."

నేను రాయబోయింది దాదాపు అదే. సంచిలో ఉన్న రెండో కాపీ బయటికి తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నాను.

సంఘం కార్యదర్శిగారికి ఫోన్ చేసి సవరణ వెయ్యాలన్నాను. "లెక్కలెవరు చూస్తారండీ మాస్టారూ, ఫోటో బాగా వచ్చింది కదా" అన్నాడాయన. ఆయన్ని తప్పుపట్టే యోగ్యత నాకు లేదు, నేను బతికిందే ఆ మాట మీద. అందుకే అనుభవాలు రాయమని ఇచ్చిన ఈ నాలుగు పేజీల్లో సవరణ వేస్తున్నాను.

పోయినేడాది సంచిక ఇంట్లో ఉన్నవాళ్లు నా ఫోటో ఉన్న పేజీ తీయండి. ముందు బండి దగ్గర 1/2 కొట్టేసి 1/3 రాయండి. వెనక బండి దగ్గర 1/3 కొట్టేసి 1/2 రాయండి. జవాబు 1/2 కాదు, 1/3. అనుమానం ఉన్నవాళ్లు ఆరు గళ్లు గీసి చూసుకోండి. శీర్షికలో 'మాస్టారు' అన్న చోట 'ఎనిమిదో తరగతి విద్యార్థిని' అని రాసుకోండి. ఫోటోని ఏం చేసుకుంటారో మీ ఇష్టం.